గుండెకు జంట శస్త్రచికిత్స

గుండెకు శస్త్రచికిత్స యనగనే ఇంటిల్లిపాదియు కలవరపడును. అందును, "కవాటము మార్చవలెను, దానితోపాటు బైపాసు కూడ చేయవలెను" అని వైద్యుడు చెప్పినచో, "రెండును ఒక్కమారే యెందుకు? ఒకటి ముందు, ఒకటి వెనుక చేయరాదా?" యని పెద్దలడుగుదురు. సమంజసమైన ప్రశ్నయే. దానినే ఈ పూట విచారింతము.

గుండె యెడమగది నుండి బృహద్ధమనిలోనికి నెత్తురు పోవు ద్వారమున మూడు రేకుల కవాటము కలదు. వయస్సు మీరినకొలది ఆ రేకులకు సున్నము పట్టి బిగిసిపోవచ్చును. గుండె కండరమునకే నెత్తురు నందించు కరోనరీ ధమనులలో క్రొవ్వు పేరుకొనుటయు సాధారణముగ ఆ వయస్సుననే. కనుక రెండు వ్యాధులు నొకరియందే కనబడుట అరుదు కాదు.

1960లో బోస్టనునందు హార్కెన్ బృహద్ధమనీ ద్వారమున కృత్రిమ కవాటము నమర్చెను. 1967లో క్లీవ్‌లాండునందు ఫవలోరో కాలి సిరతో, మూసుకొనిన ధమనిని దాటించి నెత్తురునకు ప్రక్కత్రోవ వేసెను. పిదప రెంటిని ఒకే బల్లపై చేయుట వాడుకయైనది. యంత్రము రక్తప్రసరణము జరుపుచుండగా గుండె నాపుదురు. తరచుగా ముందు ప్రక్కత్రోవలను ధమనులకు కుట్టి, తరువాత కవాటమును మార్తురు. ఆగిన గుండెను కాపాడు మందునీరు ఆ క్రొత్త త్రోవల గుండ కండరమునకు చేరుట యిందలి లాభము.

ఇక ఫలితముల మాట. అమెరికాలో 2002 నుండి 2006 వరకు జరిగిన చికిత్సల లెక్కలలో, కవాటము మాత్రమే మార్పించుకొన్నవారిలో నూటికి సుమారు ముగ్గురును, రెండును కలిపి చేయించుకొన్నవారిలో నూటికి ఐదారుగురును మరణించిరి. తరువాత ఈ సంఖ్యలు తగ్గినవి. ఈ తేడా చూచి బైపాసే ప్రమాదకారియని నిశ్చయింపరాదు. రెండవ జట్టువారు తరచు పెద్ద వయస్సువారు. గుండెపోటో, మధుమేహమో ముందే యున్నవారును అందు హెచ్చు. గుండె నాపియుంచు కాలము పెరుగుట నిజమే. అయినను, ముఖ్యధమని మూసియుండగా కవాటము మాత్రము మార్చినచో, నెత్తురు చాలని కండరము క్రొత్త కవాటపు మేలును పూర్తిగా పొందజాలదు. మరల రొమ్ము తెరచుట మొదటిదానికంటె కష్టము.

వాయిదా వేయుటయు నొక ప్రమాదమే. బిగిసిన కవాటమునకు చికిత్స లేనిచో, ఛాతినొప్పి మొదలైన పిదప సగటున ఐదేండ్లు, మూర్ఛ వచ్చిన పిదప మూడేండ్లు, గుండె నీరసించి ఆయాసము ముదిరిన పిదప రెండేండ్లు మాత్రమే ఆయువని రాస్, బ్రౌన్‌వాల్డు 1968లో తెలిపిరి. 2002లో ఫ్రాన్సునందు క్రిబియే రొమ్ము తెరువకయే, రక్తనాళము గుండ కవాటము నమర్చెను. నేడు కొందరికి ఆ మార్గమును, ధమనులకు స్టెంటును కలదు.

కనుక, "ఒకటా, రెండా?" యని మాత్రమే యడుగక, "మా రోగి వయస్సునకు, మూత్రపిండముల స్థితికి, గుండె బలమునకు ఏ మార్గమున నెంత ప్రమాదము? ఆగినచో నెంత?" యని యడుగుదము. లోహపు కవాటమైనచో రక్తము గడ్డకట్టనీయని వార్ఫరిన్ జీవితాంతము వాడవలెను. ఆకుకూరలు మానక, దినదినము ఒకే మోతాదున తినవలెను. నెత్తురు పరీక్ష తప్పరాదు. జంతు కణజాలపు కవాటమైనచో ఆ బెడద తక్కువ, కాని పది పదునైదేండ్లకు అరుగవచ్చును.

శస్త్రవైద్యుని చేయి బల్లకడ మాత్రమే పనిచేయును. తరువాతి యేండ్లను కాపాడవలసినది ఇంటివారము మనమే.