పసిబిడ్డ మూత్రం లెక్క

(అంకులిలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పసిపిల్లల వైద్యుణ్ణి. చదువు గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని పిలిచారు. ఆ నాలుగూ నాకు ముందు మాట్లాడిన పెద్దలు చెప్పేశారు. జాబితా చూస్తే నర్సింగు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల పిల్లలు చాలామంది కనిపించారు. అందుకని రేపు వాళ్ల చేతికి రాబోయే ఒక పని గురించి మాట్లాడతాను. పుట్టుకతోనే అవయవ లోపం ఉండి ప్రాణం మీదికి వచ్చిన పసిబిడ్డకు, ఆ గొడవలో మూత్రపిండాలు దెబ్బతింటాయి. అది ఎలా జరుగుతుంది, ఎవరు కనిపెట్టాలి అన్నదే నా విషయం.

కిడ్నీ అనగానే మనవాళ్లకు ఉద్దానం గుర్తొస్తుంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు మనలో ఎంతోమందికి చుట్టాలున్నారు. పెళ్లి భోజనాల దగ్గర కూడా క్రియాటినిన్ ఎంత ఉందని మాట్లాడుకునే ప్రాంతం అది. ఆ జబ్బు పెద్దవాళ్లకు ఏళ్ల తరబడి నెమ్మదిగా వచ్చేది. నేను చెప్పేది గంటల్లో, రోజుల్లో వచ్చేది. రెండూ వేరు. ఒక్క పోలిక మాత్రం ఉంది. రెండూ నొప్పి లేకుండా, చప్పుడు చేయకుండా వస్తాయి.

ఒక లోపాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఛాతీకీ పొట్టకీ మధ్య డయాఫ్రమ్ అనే కండరపు తెర ఉంటుంది. సుమారు రెండున్నర వేల నుంచి మూడు వేల కాన్పుల్లో ఒక బిడ్డకు ఆ తెర పూర్తిగా మూసుకోదు. ఎక్కువగా ఎడమ వైపే కంత ఉంటుంది. కడుపులో ఉండగానే పేగులు దాంట్లోంచి ఛాతీలోకి ఎక్కి కూర్చుంటాయి. ఊపిరితిత్తి పెరగడానికి చోటుండదు. పుట్టగానే బిడ్డ నీలంగా మారి ఎగశ్వాస తీస్తుంది. అందరి కళ్లూ ఊపిరి మీదే ఉంటాయి. ఉండాలి కూడా.

కానీ అదే సమయంలో కింద మూత్రపిండాల సంగతి చూడండి. రక్తంలో ఆక్సిజన్ తక్కువ. ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి ఎక్కువై గుండె అలసిపోతుంది, రక్తపోటు పడిపోతుంది. ఇన్ఫెక్షన్ భయంతో ఇచ్చే జెంటామైసిన్, అమికాసిన్ వంటి మందులు అవసరమే గాని మూత్రపిండాలకు భారం. ఆపరేషన్ చేసి పేగుల్ని కిందికి దించాక, అంతవరకూ వాటికి అలవాటు లేని చిన్న పొట్టలో ఒత్తిడి పెరిగి, మూత్రపిండాలకు రక్తం ఇంకా తగ్గవచ్చు.

2011లో అమెరికాలోని మిచిగన్ వైద్యులు ఒక లెక్క ప్రచురించారు. ఈ లోపంతో పుట్టి, గుండె, ఊపిరితిత్తుల పని యంత్రానికి అప్పగించవలసి వచ్చిన 68 మంది శిశువుల్లో సుమారు 71 శాతం మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఆ యంత్రం మన చుట్టుపక్కల దొరికేది కాదు గనక మనకెందుకు అనకండి. 2017లో అవేకెన్ అనే అధ్యయనం వచ్చింది. మన దేశంతో కలిపి నాలుగు దేశాల్లోని 24 ఆసుపత్రుల్లో, అన్ని రకాల జబ్బులతో ఐసీయూలో చేరిన 2022 మంది పసిపిల్లల్ని చూశారు. 605 మందికి, అంటే నూటికి 30 మందికి ఈ దెబ్బ తగిలింది. వారిలో నూటికి పదిమంది చనిపోయారు. తగలని వారిలో నూటికి ఒక్కరు.

మరి కనిపెట్టడం ఎలా? రక్తపరీక్ష ఉంది కదా అంటారు. పుట్టిన రోజు బిడ్డ రక్తంలో కనిపించే క్రియాటినిన్ చాలావరకు తల్లిది. తర్వాత రోజు రోజుకూ దిగాలి. దిగకపోయినా, రెండు రోజుల్లో 0.3 పెరిగినా అనుమానించాలి. అయితే ఆ అంకె పెరిగేసరికి దెబ్బ తగిలి ఒకటి రెండు రోజులు అయిపోయి ఉంటుంది. మూత్రం చాలాసార్లు అంతకన్నా ముందే చెబుతుంది. మొదటి రోజు దాటాక కిలో బరువుకు గంటకు ఒక మిల్లీలీటరు కన్నా తగ్గితే తక్కువ కింద లెక్క. రెండున్నర కిలోల బిడ్డకు రోజుకు 60 మిల్లీలీటర్లు. మన బజారులో ఇచ్చే చిన్న టీ గ్లాసు కూడా నిండదు! అంత కొంచెం గనకే కంటికి ఆనదు. గొట్టం వేసి ఉంటే కొలవడం తేలిక. లేకపోతే పొడిగుడ్డ ముందు తూచి, తడిశాక మళ్లీ తూచాలి. పెరిగిన ప్రతి గ్రాముకూ ఒక మిల్లీలీటరు. దీనికి కోట్ల ఖరీదు యంత్రం అక్కర్లేదు. రాత్రి రెండు గంటలకు కూడా తూచి, చార్టులో రాసే నర్సమ్మ కావాలి.

ఒక బిడ్డ సంగతి చెబుతాను. వేరే ఆసుపత్రి నుంచి పంపారు. కాగితం మీద ఆక్సిజన్, నాడి, ఇచ్చిన మందులు అన్నీ వరసగా ఉన్నాయి. మూత్రం గడి ఖాళీ. తండ్రి సూరత్‌లో మగ్గాల మీద పనిచేస్తున్నాడు, గంజాం ఇళ్లలో ఇది మామూలే. తల్లి ఇంకా పురిటి మంచం మీదే ఉంది. వెంట వచ్చింది నాయనమ్మ. ఆవిడని అడిగితే, "నిన్న పొద్దుగూకిన కాడి నుంచి ఒక్క గుడ్డే మార్చాను బాబూ, అదీ సగమే తడిసింది" అంది. ఆ ఒక్క మాటతో మందుల మోతాదుల మధ్య వ్యవధి పెంచాం. రక్తపోటు నిలబెట్టాం. ఎక్కించే ద్రవాలు లెక్కగట్టి తగ్గించాం. మూత్రం రావడం లేదని సెలైన్ మీద సెలైన్ పోస్తే ఆ నీరంతా ఊపిరితిత్తుల్లోనే చేరుతుంది. మూడోనాటికి గుడ్డలు తడవసాగాయి. ఆపరేషన్ తర్వాతే చేశాం.

ఆ నాయనమ్మకు చదువు రాదు. కాని ఆవిడ చెప్పిన దాన్ని రాసుకునే చేతులు ఆసుపత్రిలో ఉండాలి. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడతారు. ఎంకేసీజీ ఆసుపత్రి వార్డులో ఏ ఊరి ముసలమ్మ ఏ భాషలో చెప్పినా అర్థం చేసుకోగలరు. ఇది చిన్న అర్హత కాదని నా అభిప్రాయం.

ఇక తల్లిదండ్రులకు. గర్భిణికి 18 నుంచి 20 వారాల మధ్య స్కానింగు తప్పక చేయించండి. ఆడో మగో చెప్పడం నేరం గాని, అవయవ లోపం చూడడం నేరం కాదు. లోపం ముందే తెలిస్తే, కాన్పు ఎక్కడ జరగాలో భువనేశ్వర్ వైపో విశాఖ వైపో తీరిగ్గా నిర్ణయించుకోవచ్చు. పుట్టాక అంబులెన్సులో బిడ్డను పెట్టుకుని నిర్ణయించుకునే విషయం కాదది.

బిడ్డ బతికి ఇంటికొచ్చాక అందరూ మొక్కు తీర్చుకుంటారు, ఆ కాగితాలు పెట్టెలో పడేస్తారు. మూత్రపిండంలో వడపోత గొట్టాలు సగటున పది లక్షలుంటాయి. గర్భంలో సుమారు 36 వారాలకే వాటి తయారీ ఆగిపోతుంది. పోయినవి మళ్లీ పుట్టవు. మిగిలినవి ఎక్కువ పనిచేసి నెట్టుకొస్తాయి. బిడ్డ బొద్దుగా, హుషారుగానే ఉంటుంది. బీపీ పెరగడం ఏళ్ల తర్వాత బయటపడవచ్చు. అందుకే మూడు నెలలకు ఒకసారి రక్తం, మూత్రం, బీపీ చూపించాలి. తర్వాత ఏటేటా బీపీ చూపించాలి. బిడ్డ చేతికి సరిపోయే పట్టీతోనే బీపీ కొలవమని అడగండి. నొప్పి మాత్రలు దుకాణంలో అడిగి కొనకండి.

నేను చెప్పిన బిడ్డ మూడో నెలలో వచ్చింది, అంతా బాగానే ఉంది. ఏడాదికి రావలసింది, రాలేదు. సూరత్ వెళ్లిపోయారని విన్నాను. మీ ఇళ్ల పక్కన అలాంటి పిల్లలుంటే డిశ్చార్జి కాగితం తీసి చూడండి. అందులో క్రియాటినిన్ మాట ఎక్కడైనా ఉంటే, ఆ కాగితం పట్టుకుని బిడ్డను తీసుకురమ్మని చెప్పండి.