ఫోను చెప్పింది సార్!
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతుల్ని. నా తెలుగులో తప్పులు దొర్లితే మన్నించండి. కృత్రిమ మేధ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ యంత్రాల సంగతి, 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి పెరుగుతూ వచ్చిన ఈ హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసే మన పిల్లలకే బాగా తెలుసు. నాకు తెలిసింది బడి.

మొన్న ఒక విద్యార్థి హోంవర్కు చక్కగా రాసుకొచ్చాడు. "ఇది ఎందుకిలా బేటా?" అని అడిగాను. "ఫోను చెప్పింది సార్" అన్నాడు. నవ్వుకున్నాను. కాని ఆఫీసులో కూర్చున్న పెద్దమనిషి ఇదే జవాబు చెబితే ఏమవుతుందో మన తెలంగాణ చూసింది.

రేషన్ కార్డుల ఏరివేతకు 'సమగ్ర వేదిక' అనే కంప్యూటర్ వ్యవస్థను వాడారు. వేర్వేరు శాఖల దగ్గరున్న మన వివరాలను కలిపి, పేర్లూ చిరునామాలూ పోల్చి, ఫలానా ఇద్దరూ ఒకరేనని అది ఊహిస్తుంది. మన పేర్ల సంగతి మీకు తెలియంది కాదు. నా ఒక్క తరగతిలోనే ఒకే పేరు పిల్లలు ముగ్గురున్నారు. నేను ముఖం చూసి హాజరు వేస్తాను. యంత్రం కాగితం మీది పేరే చూస్తుంది. ఎవరిదో కారు రిక్షా తొక్కే పేదవాడి పేరున పడి, ఆ ఇంటికి బియ్యం ఆగిపోయాయి.

సామాజిక కార్యకర్త ఎస్. క్యూ. మసూద్ గారు కోర్టుకెక్కారు. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను మళ్లీ విచారించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మనుషులు వెళ్లి చూస్తే, వేల కుటుంబాలకు అన్యాయం జరిగినట్టు తేలింది.

ముఖాన్ని గుర్తుపట్టే యంత్రాలూ వచ్చాయి. 2021 మేలో పోలీసులు తన సమ్మతి లేకుండా ఫోటో తీశారని, ఆ యంత్రాల వాడకం మీద మసూద్ గారే హైకోర్టులో కేసు వేశారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లోనే సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. అడిగేవాడుంటేనే హక్కు నిలుస్తుంది.

కనుక నా మనవి మూడు ముక్కలు. ఆధార్, ఫోటో ఇచ్చే ముందు "ఎందుకు?" అని అడగండి. కార్డు రద్దయితే కారణం రాతపూర్వకంగా ఇమ్మనండి. కాగితం రాయడం రానివారి కోసం ఆదివారం పూట మన సంఘం ఆఫీసులో ఇద్దరు యువకులు కూర్చుంటే చాలు, ఎంతో పుణ్యం. ఇక ప్రోగ్రాములు రాసే మన పిల్లలకు ఒక్క మాట: మీ యంత్రం పొరబడినప్పుడు, పేదవాడి గోడు వినడానికి ఒక మనిషిని అక్కడ ఉంచండి.

ఆ విద్యార్థి చేత జవాబు మళ్లీ సొంతంగా రాయించాను. తప్పులున్నాయి. కాని ఈసారి "ఎందుకు?" అంటే చెప్పగలిగాడు.

ఖుదా హాఫిజ్.