ప్రయాణానికి ముందే బీమా

(పాల సంఘాల సభ్యుల సమావేశాలలో సమాఖ్య తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పాడి గేదెను కొనగానే పశువుల డాక్టరుగారిని పిలిపించి, చెవికి ట్యాగు వేయించి, బీమా కట్టడం మన సంఘాలలో చాలామందికి అలవాటయింది. గేదె చనిపోతే ఆ ట్యాగు చూపించనిదే కంపెనీవారు డబ్బు ఇవ్వరని ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. ఆ గేదెను మేపే మనిషి కాశీకో, షిరిడీకో బయలుదేరినపుడు మాత్రం సంచిలో దుప్పటి, పులిహోర, మందుబిళ్ళలు సర్దుతారే గాని బీమా మాట ఎవరికీ గుర్తు రాదు. ఎవరైనా ఎత్తితే, ప్రయాణం పెట్టుకుని ఆ అశుభం మాటలేమిటని పెద్దలు కసురుకుంటారు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమన్నది మన పెద్దల మాటే. ఆ రోజుల్లో ఇల్లూ పొలమూ అయినవారికి అప్పగించి మరీ కదిలేవారు. అందుచేత ఈ ముందుచూపు మనకు కొత్తదేమీ కాదని మా అభిప్రాయం.

ముందుగా రైలు సంగతి మనవి చేస్తాము. ఐ.ఆర్.సి.టి.సి. ద్వారా ఆన్‌లైన్‌లో టిక్కెట్టు తీసుకునేటప్పుడు ప్రయాణ బీమా కావాలా అని అడుగుతుంది. 2016 సెప్టెంబరులో ఇది మొదలైనపుడు మనిషికి 92 పైసలు ఉండేది. ఇప్పుడు 45 పైసలే. రైలు ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తిగా అంగవైకల్యం కలిగినా 10 లక్షలు, పాక్షిక వైకల్యానికి ఏడున్నర లక్షల వరకు, గాయాలతో ఆసుపత్రిలో చేరితే 2 లక్షల వరకు ఇస్తారు. స్లీపరులో వెళ్ళినవారికీ, ఏ.సి.లో వెళ్ళినవారికీ ఒకటే లెక్క.

అయితే టిక్కెట్టు మనం స్వయంగా తీసుకోము. మనవడు తీస్తాడు, లేదా బజారులో ఇంటర్నెట్టు షాపు అబ్బాయి తీస్తాడు. ఆ ప్రశ్నకు వాళ్ళు తొందరలో 'వద్దు' అని నొక్కేస్తే మనకు తెలియను కూడా తెలియదు. 'కావాలి' అని నొక్కినా పని సగమే అయినట్టు. నామినీ పేరు నింపమని ఒక మెసేజి వస్తుంది. అది టిక్కెట్టులో ఇచ్చిన ఫోను నంబరుకే వస్తుంది. షాపువాడు తన నంబరు ఇస్తే ఆ మెసేజి అతని ఫోనులోనే ఉండిపోతుంది. నామినీ పేరు లేకపోతే డబ్బు రాదని కాదు. చట్టప్రకారం వారసులమని ఇంటివారు కాగితాలతో రుజువు చేసుకోవాలి. మనిషి పోయిన ఇంట్లో ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఎవరికి ఉంటుంది? కాబట్టి నంబరు మీదే ఇవ్వండి. ఆ రోజే పేరు నింపించండి.

స్టేషను కౌంటరులో కొన్న టిక్కెట్టుకు ఈ 45 పైసల బీమా లేదు. జనరలు పెట్టెలో వెళ్ళేవారికీ లేదు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురైనపుడు 290 మందికి పైగా చనిపోయారు. రిజర్వేషను ఉన్నవారి పేర్లు జాబితాలో దొరికాయి. జనరలు పెట్టెలలోని వారి పేర్లు ఎక్కడా లేవు. కొన్ని దేహాలు ఎవరివో తేల్చడానికి డి.ఎన్.ఏ. పరీక్షలు చేయవలసి వచ్చింది. జనరలు టిక్కెట్టువారికి బీమా లేకపోయినా రైల్వే చట్టం కింద పరిహారం ఉంది. మరణానికి 2017 జనవరి 1 నుంచి అది 8 లక్షలు. ఏడాది లోపల రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునలుకు దరఖాస్తు పెట్టాలి. ఆ చిన్న కాగితం ముక్కను పారేయకండి. దాని ఫోటో తీసి ఇంటికి పంపండి. ఏ బండి ఎక్కుతున్నదీ ఇంట్లో చెప్పి వెళ్ళండి.

బస్సులో, ఆటోలో, మోటారు సైకిలు మీద తిరిగేవారికి ఏడాది పొడుగునా పనికివచ్చేది ప్రధానమంత్రి సురక్షా బీమా. 18 నుంచి 70 ఏళ్ళ వారికి ఏడాదికి 20 రూపాయలు. ప్రమాద మరణానికి 2 లక్షలు. పాము కాటుకు కూడా ఇది వర్తిస్తుంది, వెంటనే ఆసుపత్రిలో చూపించిన కాగితం ఉండాలి. గుండెపోటుకు, జ్వరానికి వర్తించదు. ఇది జూన్ 1 నుంచి మే 31 వరకు నడుస్తుంది, ప్రీమియం బ్యాంకు ఖాతా నుంచే కోసుకుంటారు. చిక్కు ఇక్కడే వస్తున్నది. పాల బిల్లు ఖాతాలో పడిన రోజునే మొత్తం తీసేసే అలవాటు మనవారికి ఉంది. మే నెలాఖరున ఖాతాలో 20 రూపాయలు లేకపోతే బీమా ఆగిపోతుంది. పాసుబుక్కు చూసుకునే వరకు ఆ విషయం ఎవరికీ తెలియదు. రెండు బ్యాంకులలో కట్టినంత మాత్రాన రెండు చోట్లా రాదని కూడా గమనించండి.

ఇక విదేశాల మాట. కూతురి పురిటికని అమెరికా వెళ్ళే తల్లులు మన సంఘాలలోనూ ఉన్నారు. యూరపులో షెంగెన్ దేశాల వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. అమెరికా సందర్శక వీసాకు అటువంటి షరతు లేదు. అందుకే బీమాను మరచిపోతారు. అక్కడ ఒక్క రాత్రి ఆసుపత్రిలో ఉంటే అయ్యే బిల్లుకు ఇక్కడ పాడి మొత్తం అమ్మినా చాలకపోవచ్చు. బయలుదేరక ముందే పాలసీ తీసుకోండి. షుగరు, బి.పి. ఉంటే దాచకుండా రాయించండి. ప్రీమియం పెరుగుతుందని దాచితే, రేపు క్లెయిము నిరాకరించడానికి అదే కారణం చూపిస్తారు. పాత జబ్బులకు ఎంతవరకు ఇస్తారో డబ్బు కట్టకముందే అడగండి.

పాలసీ నంబరు, కంపెనీ ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి ఇంట్లో పాల పుస్తకంలో పెట్టి వెళ్ళండి. పాలు పోయడానికి రోజూ ఆ పుస్తకం తీస్తారు కనుక వెతుక్కునే పని ఉండదు. సురక్షా బీమాలో చేరనివారు వచ్చే పాల బిల్లు రోజున పాసుబుక్కు, ఆధారు కార్డు తీసుకుని సంఘ కార్యదర్శిని కలిస్తే బ్యాంకు ఫారం నింపడంలో సాయం చేస్తారు.