ఇంటి నెట్‌కూ ఒక పుస్తకం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు, రికవరీ లెక్కలు ముందే చదివి వినిపించినారు. మేము చెప్పేది ఇంకో ఖర్చు గురించి. టీవీ పక్కన డబ్బా పెట్టుకుని నెలనెలా కట్టే నెట్ బిల్లు. అది మగవాళ్ల యవ్వారం అంటారు గానీ, చాలా ఇళ్లల్లో ఆ డబ్బు వచ్చేది మన పోపుల డబ్బాలో నుంచే.

రాష్ట్రంలో 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదనే వైరు లాగినారు. అందుకే తక్కువ ఖర్చుతో పల్లెల దాకా వచ్చింది. నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోను మూడూ ఇస్తామన్నారు. 15 ఎంబీపీఎస్ వేగం అన్నారు, అయితే ఆ వేగం 5 జీబీ వరకే. ఇప్పుడు వేరే కంపెనీలూ వైరు వేస్తున్నాయి. ఎవరిదైనా సరే, పెద్ద అక్షరాల కింద ఉండే చిన్న అక్షరం చదవాల.

మన పక్క సుగ్గి సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది. పత్తి పని అయిపోతానే గుంటూరు పక్క మిరపకాయల కోతకు సగం వీధి ఖాళీ అవుతుంది. బడికి పోయే పిల్లోళ్లు అవ్వ దగ్గర ఉంటారు. రాత్రి వీడియో కాల్‌లో అమ్మ ముఖం చూస్తేగానీ చిన్నోళ్లు అన్నం ముట్టరు. మా సంఘంలో కొందరు దీనికోసమే ఇంటికి నెట్ పెట్టించుకున్నారు. అవ్వ ఫోనుకు రీచార్జి లేకపోయినా వైఫై ఉంటే చాలు కదా.

పోయిన సుగ్గిలో ఒక సభ్యురాలి ఇంట్లో తొమ్మిది దినాలు నెట్ లేదు. అడిగితే రేపొస్తాం, ఎల్లుండొస్తాం అన్నారు. పిల్లోనికి జరం వచ్చింది. తల్లికి మూడు దినాలకు గానీ తెలీలేదు. బిల్లు మాత్రం నెలంతటిదీ తీసుకున్నారు. 300 రూపాయల బిల్లులో తొమ్మిది దినాలంటే 90 రూపాయలు. నూటికి రూపాయి వడ్డీ ఎంతయితుందో పుస్తకం తెరవకుండా చెప్పే ఆడోళ్లం మనం, ఈ 90 ఎందుకిడవాల?

నెట్ పోతే ముందు డబ్బా చూడండి. లైట్లేవీ లేకపోతే కరెంటు పోయిందని అర్థం. స్తంభం మీద వైరు బాగున్నా, ఇంట్లో డబ్బాకు కరెంటు లేకపోతే నెట్ రాదు. చిన్న బ్యాటరీ డబ్బా పెట్టుకుంటే కొన్ని గంటలు నడుస్తుంది. ఎల్‌ఓఎస్ అనే చోట ఎర్ర లైటు వెలిగితే వైరు యాడనో తెగింది, లేదా వంగింది. డబ్బా ఎన్నిసార్లు ఆర్పి వేసినా లాభం లేదు, వాళ్లే వచ్చి చూడాల. ఎర్ర లైటు లేదు, రాత్రిపూట మాత్రం నిదానం అంటే అది వేరే. ఒక్క వైరును 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుస్తారు. దేవరగట్టు బన్ని రాత్రి అందరూ ఒకే టవర్ మీద పడినట్లే.

వేగం లెక్కలో ఒక మెలిక ఉంది. ఎంబీపీఎస్‌ను ఎనిమిదితో భాగిస్తేనే మన ఫోనులో కనపడే ఎంబీ. 15 అంటే సెకనుకు రెండు ఎంబీ కూడా రాదు. 2 ఎంబీపీఎస్ కన్నా తక్కువైతే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనకూడదని 2023 జనవరిలో కేంద్రమే చెప్పింది. ఫోనులో స్పీడ్ టెస్ట్ పెట్టి చూసేది పదో తరగతి పిల్లకు చెప్తే నిమిషం పని.

ఫిర్యాదు నోటితో చెప్పి వదలద్దండి. కంపెనీ నంబరుకు ఫోన్ చేసి డాకెట్ నంబరు అడగండి. అది ఇయ్యాలని ట్రాయ్ 2012లోనే నిబంధన పెట్టింది. అప్పటికీ పని కాకపోతే ఆ కంపెనీలోనే పై అధికారికి అప్పీలు చేయొచ్చు, దానికి రూపాయి ఖర్చు లేదు.

మా సంఘంలో ఒక నోటుబుక్కు మొదలుపెట్టినాం. నెట్ పోయిన తేదీ, గంట, లైటు రంగు, డాకెట్ నంబరు, ఎప్పుడు బాగుచేసినారు, ఇంతే రాస్తాం. ఒక్క ఇల్లు అడిగితే రేపు అంటారు. పది ఇళ్ల తేదీలు ఒక్క కాగితం మీద పెడితే జవాబు వేరేగా వస్తుంది. సుగ్గికి పోయేవాళ్లు ఆ బుక్కు అవ్వకు గానీ పక్కింటి సభ్యురాలికి గానీ అప్పజెప్పి పోవాల. గీతలు కొట్టిన పేజీ నమూనా వీఓఏల దగ్గర పెట్టినాం. పోయేటప్పుడు ఒక్కో గ్రామ సంఘం ఒక్కటి తీసుకుపోండి.