లెక్క అడిగినవాళ్లు



విద్యార్థులారా, వలస పాలన కాలాన్ని చరిత్రకారుడు ఎలా చూడాలని పొద్దుటి నుంచి మీరు చేసిన చర్చలో మూడు మాటలు నా మనసులో నిలిచిపోయాయి. రైళ్లు, కాలేజీలు తెల్లవాళ్ల వల్లే వచ్చాయి కదా అన్నారొకరు. మనది నిజాం రాజ్యం, ఇంగ్లీషు పాలన కోస్తావాళ్ల సంగతి అన్నారింకొకరు. వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి, ఆనాటి పనుల్ని ఈనాటి విలువలతో తూచడం న్యాయం కాదంది. మూడింటిలోకీ ఈ చివరి మాటే గట్టిది. సరే, ఆనాటి విలువలతోనే తూద్దాం. కానీ ఆనాటివాళ్లంటే ఎవరు? ఒప్పందాల మీద సంతకాలు పెట్టినవాళ్లేనా?

జవాబుకు దూరం పోనక్కర్లేదు. హైదరాబాదులోని ఈ సభ నుంచి బయటికి నడిస్తే ఒకపక్క 1907లో కట్టిన నాంపల్లి స్టేషను. ఇంకోపక్క అబిడ్స్ దారిలో గోల్డెన్ త్రెషోల్డ్. అది సరోజినీ నాయుడి ఇల్లని అందరికీ తెలుసు. ఆమె తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయను మాత్రం మరిచిపోయాం. ఎడింబరోలో సైన్సులో డాక్టరేటు చేసి వచ్చి, తర్వాత నిజాం కాలేజీగా పెరిగిన చదువుకు ఇక్కడ పునాది వేసిన గురువు ఆయన. 1883లో ఆయన్ని హైదరాబాదు నుంచి వెళ్లగొట్టారు. ఆయన చేసిన నేరం రైలు లెక్క అడగడం.

అసలు జరిగింది ఇది. వాడి జంక్షను నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలొచ్చింది. డబ్బు హైదరాబాదుది. 1883 ఫిబ్రవరిలో దివాను మొదటి సాలార్ జంగ్ చనిపోయారు. నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పటికి పదిహేడేళ్లు నిండలేదు. సరిగ్గా అప్పుడే లైనును వరంగల్ మీదుగా బెజవాడ వైపు, చాందా వైపు పొడిగించే పథకం ముందుకొచ్చింది. నడిపేది లండన్ కంపెనీ, దాని వాటాదారులకు వడ్డీ హామీ మాత్రం నిజాం ఖజానాది. కంపెనీ పేరే చెబుతుంది చూడండి: నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. రైలుకు లాభమొచ్చినా రాకపోయినా లండన్‌లో వడ్డీ అందుతుంది. లోటు పడితే పూడ్చేది మన రైతు కట్టిన శిస్తు.

అఘోరనాథ్, ఆయనతో గొంతు కలిపిన ముల్లా అబ్దుల్ ఖయ్యూం, వారి మిత్రులు తిరుగుబాటేమీ చేయలేదు. షరతులు జనానికి తెలియాలన్నారు. మే నెలలో అఘోరనాథ్‌కు బహిష్కారం పడింది. పథకం ఆగలేదు. 1889లో రైలు బెజవాడ చేరింది. ఆ రైల్వేని తన చేతిలోకి తెచ్చుకోవడానికి హైదరాబాదు ప్రభుత్వానికి 1930 దాకా పట్టింది, అదీ డబ్బు పోసి కొనుక్కుంటేనే.

ఇప్పుడు చెప్పమ్మా, రైలు ఎవరి సొమ్ము, ఎవరి లాభం అని అడగడం ఈనాటి చదువు నేర్పిన అలవాటా? ఆ ప్రశ్న 1883 నాటిదే, ఈ వీధిదే. అడిగినందుకు ఒక గురువు ఊరు విడిచిపోవాల్సి వచ్చింది. చరిత్ర రాసేవాడు తీర్పు చెప్పినా చెప్పకపోయినా, ఆ అడిగిన గొంతును వదిలేస్తే మాత్రం తప్పు చేసినట్టే.

ఇక, ఇక్కడ తెల్లవాళ్ల పాలన లేదన్న మాట. కోఠీ దాకా రండి. ఆ పేరే రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో ఇంగ్లీషువాళ్ల ప్రతినిధి, ఉన్న భవంతి నుంచి వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించాడు, ఖర్చు నిజాందే. రెసిడెంటు మాటకు ఎదురుండేది కాదు. సైన్యం పేరిట పెరిగిన బాకీ కింద 1853లో నిజాం చేతిలోంచి బేరారు ప్రాంతం పోయింది. 1902లో వైస్రాయి కర్జన్ దాన్ని ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా రాయించుకున్నాడు. కోస్తా రైతు కలెక్టరు రూపంలో చూసిన పాలనే ఇక్కడికి అప్పు ఖాతాగా వచ్చింది. 1857 తిరుగుబాటు రోజుల్లో, జూలై 17న, తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని ఆ కోఠీ మీదికే వెళ్లారు. నిజాం ప్రభుత్వం రెసిడెంటు పక్షాన నిలిచింది. తుర్రెబాజ్‌ను 1859లో కాల్చి చంపి శవాన్ని వేలాడదీశారు. మౌల్వీ అండమాన్‌లో కన్నుమూశాడు.

నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది, దాచను. ఇప్పటి సుల్తాన్ బజార్ 1933 దాకా రెసిడెన్సీ అధికారం కింద ఉండేది. సభలకు, పత్రికలకు నిజాం ఏలుబడిలో ఉన్న కట్టడి అక్కడ కొంత సడలేది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పుట్టింది ఆ పరిసరాల్లోనే. దాన్ని నిలబెట్టినవారిలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. తెలుగువాళ్ల చేతికి తెలుగులో చరిత్ర పుస్తకాలు అందించింది ఆ మండలి. ఇది దొరల దయ అందామా? నేననను. గోడ బీటలో రావిమొక్క లేస్తుంది, నాటింది గోడ కట్టినవాడు కాదు. అయితే ఆ బీట వెతుక్కోవాల్సిన గతి ఎందుకు పట్టిందో, నిజాం రాజ్యంలో తెలుగుకు చోటు ఎంత ఇరుకో, అదీ అదే పేజీలో రాయాలి. ఒకటి రాసి ఒకటి దాస్తే అది వకీలు పని.

చివరగా మీ వ్యాసాల గురించి. ఎవరి ఆధారాలు చూసినా రెసిడెంట్ల ఉత్తరాలు, ఇంగ్లీషు గెజిటీర్లు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత గెజిటీరు దొరికితే మీకు సంబరం, నాకూ సంబరమే. కానీ హైదరాబాదు రాజ్యం తన లెక్కలు మొదట ఫార్సీలో, 1880ల నుంచి ఉర్దూలో రాసుకుంది. తుర్రెబాజ్ గురించి మనకు తెలిసింది చాలావరకు ఆయన్ని పట్టుకున్నవాళ్లు రాసిందే. ఇంగ్లీషు ఒక్కటే చదివితే ఈ ఊరిని రెసిడెంటు కిటికీలోంచే చూస్తాం. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. అక్కడి ఫార్సీ, ఉర్దూ కాగితాలు చదవగలవాళ్లు చేతులెత్తమంటే ఇందాక మూడు చేతులే లేచాయి. నేను నలభై దాటాక నేర్చుకున్నాను, ఆ ఆలస్యానికి ఇప్పటికీ బాధపడుతున్నాను. మీరు అంత కాలం ఆగకండి. ఈ సెలవుల్లో పాతబస్తీలో ఏ పెద్దాయన దగ్గరో కూర్చుని అలిఫ్, బే దిద్దడం మొదలుపెట్టండి.