బొమ్మవిమానపు రంగు

మా కాకుమాను బాలురకు 1944 నాటి మన వైమానికదళపు విమానమును కొయ్యతో చేసి, ఱెక్కలపై నీలివలయమును వ్రాసి, నడుమ ఎఱ్ఱచుక్క నుంచితిని. అందముగనే యుండెను, కాని యది తప్పు.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసిన జపాను విమానముల గుర్తు ఎఱ్ఱని సూర్యబింబము. ఎఱుపును చూచి స్వపక్షమువారే కాల్తురను భయమున, ఆ యేటినుండి మన ప్రాంతపు విమానముల గుర్తులలోని ఎఱుపును తీసివేసిరి. జర్మనులును యుద్ధారంభమున తమ బాంబరులకు, అడవిలో కలియునట్లు పైన ముదురాకుపచ్చయు, ఆకాశమున కలియునట్లు క్రింద లేతనీలమును పూసిరి. ఆ రంగులు అలంకారములు కావు; ప్రాణరక్షణములు.

చుక్కను చెఱిపి లేతనీలము పూయుచుండగా నొక బాలుడు “ఎందుకు తాతా?” అనెను. ఈ కథయే చెప్పితిని. బొమ్మయైనను పిల్లలకు నిజమే చెప్పవలెను గదా!