పి.ఎఫ్. డబ్బు, పింఛను హక్కు

(వయోజన విద్యా కేంద్రంలో కార్మికుల కోసం చేసిన ప్రసంగం)



కష్టం చేసే చేతులకూ ఒకనాడు అలుపు వస్తుంది. స్పిన్నింగ్ మిల్లులో దారం ముడివేసే అక్కకు కళ్లు ఆనవు. బస్తాలు మోసే అన్నకు నడుం వంగుతుంది. అప్పుడు కూలి ఉండదు. ఆకలి మాత్రం ఉంటుంది. "సర్కారు నౌకరీ చేసినోళ్లకు పింఛను వస్తది. మనకేం వస్తది?" అని చాలామంది నిట్టూరుస్తారు.

మిల్లులో, ఫ్యాక్టరీలో, కంపెనీలో పనిచేసేవారికీ పింఛను ఉంది. అది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. చట్టం ఇచ్చిన హక్కు. ఆ హక్కు ఎలా వస్తుందో, ఎలా చేజారుతుందో తెలుసుకుందాం.

జీతంలో కోత ఎందుకు?

జీతం చీటీలో 'పి.ఎఫ్.' అని రాసి ఉంటుంది. పి.ఎఫ్. అంటే ప్రావిడెంట్ ఫండ్. తెలుగులో భవిష్య నిధి అంటారు. దీనికోసం పార్లమెంటు 1952లో చట్టం చేసింది. 20 మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలకు, కంపెనీలకు ఇది వర్తిస్తుంది. కాంట్రాక్టరు కింద పనిచేసేవారికీ వర్తిస్తుంది. నిజామాబాదు, కరీంనగర్ వైపు ఇంట్లోనే కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లకూ పి.ఎఫ్. ఉంది.

లెక్క ఇలా ఉంటుంది. మూల జీతం, కరువు భత్యం కలిపి నెలకు 10,000 రూపాయలు అనుకుందాం. నూటికి 12 చొప్పున 1,200 రూపాయలు కోస్తారు. యజమాని కూడా తన సొమ్ములోంచి మరో 1,200 కలపాలి. యజమాని కట్టిన దాంట్లో 833 రూపాయలు పింఛను నిధికి పోతాయి. మిగిలిన 367 రూపాయలు కార్మికుడి పి.ఎఫ్. ఖాతాలో పడతాయి. అంటే ఖాతాలో నెలకు 1,567 రూపాయలు జమ అవుతాయి. దానిమీద వడ్డీ కూడా వస్తుంది. 2024-25 సంవత్సరానికి నూటికి 8 రూపాయల 25 పైసల వడ్డీ ఇచ్చారు. బీడీ, ఇటుక వంటి కొన్ని పనుల్లో కోత నూటికి 10 మాత్రమే.

ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి. యజమాని వాటాను కార్మికుడి జీతంలోంచి కోయకూడదు. అది చట్టానికి విరుద్ధం.

పింఛను ఎవరికి?

ఈ పింఛను పథకం 1995 నవంబరు 16న మొదలైంది. పింఛను రావాలంటే కనీసం 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. వయసు 58 నిండాలి. 50 ఏళ్లు నిండినవారు పని మానేసి ముందుగా తీసుకోవచ్చు. కాని ముందు తీసుకున్న ఒక్కో ఏడాదికి నూటికి 4 చొప్పున తగ్గుతుంది.

ఇద్దరు అక్కలు ఉన్నారనుకుందాం. ఇద్దరూ ఒకే మిల్లులో 5 ఏళ్లు పనిచేశారు. మిల్లు మూతపడింది. ఆఫీసులో రెండు ఫారాలు ఇచ్చారు. 19 నంబరు ఫారం పి.ఎఫ్. డబ్బు కోసం. 10-సి ఫారం పింఛను నిధి కోసం. మొదటి అక్క చదవకుండానే రెండిటి మీదా సంతకం పెట్టింది. డబ్బు వచ్చింది, ఖర్చయింది. తర్వాత ఇంకో మిల్లులో 7 ఏళ్లు పనిచేసింది. 58 ఏళ్లు వచ్చాక పింఛను అడిగితే, "నీ సర్వీసు 7 ఏళ్లేనమ్మా" అన్నారు. పాత 5 ఏళ్లు డబ్బుతోనే పోయాయి. కొంత సొమ్ము ఒక్కసారి ఇచ్చి సరిపెట్టారు. నెలనెలా వచ్చే పింఛను లేదు.

రెండో అక్క పింఛను నిధిని ముట్టలేదు. పాత ఖాతాను కొత్త మిల్లుకు మార్పించుకుంది. ఆమెకు 5, 7 కలిసి 12 ఏళ్లు అయ్యాయి. చివరి 5 ఏళ్ల సగటు జీతం 14,000 రూపాయలు. దాన్ని 70తో భాగిస్తే 200. దాన్ని 12తో గుణిస్తే 2,400. ఆమెకు నెలకు 2,400 రూపాయల పింఛను. ఇది పెద్ద సొమ్మేం కాదు. కాని బతికినంత కాలం వస్తుంది. బియ్యానికి, మందులకు ఒకరి ముందు చేయి చాపే పని తగ్గుతుంది.

వెంటనే కొత్త పని దొరకకపోతే ఏం చేయాలి? అదే 10-సి ఫారంలో డబ్బుకు బదులు 'స్కీమ్ సర్టిఫికెట్' అడగవచ్చు. పాత సర్వీసు అందులో భద్రంగా ఉంటుంది.

ఇంటివారికి అండ

పనిలో ఉండగా కార్మికుడు చనిపోతే భార్యకు, పిల్లలకు పింఛను వస్తుంది. దీనికి 10 ఏళ్లు అక్కర్లేదు. ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు. బీమా సొమ్ము కూడా ఉంది. జీతాన్ని, సర్వీసును బట్టి 7 లక్షల వరకు వస్తుంది. బీమాకు కార్మికుడి జీతంలోంచి ఏమీ కోయరు.

ఇవి చిక్కు లేకుండా అందాలంటే నామినేషన్ రాసి ఉండాలి. పెళ్లి అయ్యాక మళ్లీ కొత్తగా రాయాలి.

చదువు ఇక్కడే అక్కరకొస్తుంది

ప్రతి సభ్యుడికీ 12 అంకెల నంబరు ఉంటుంది. దాన్ని యు.ఎ.ఎన్. అంటారు. ఎన్ని కంపెనీలు మారినా అదే నంబరు. ఆ అంకెలు ఇంట్లో పుస్తకంలో రాసి పెట్టుకోండి. కంపెనీ కాగితాల్లో మీ పేరు, పుట్టిన తేదీ ఆధార్ కార్డులో ఉన్నట్లే ఉన్నాయా? అక్షరం అక్షరం చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా డబ్బు ఆగిపోవచ్చు. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి. వేలిముద్ర అసలే వేయకండి.

యు.ఎ.ఎన్.కు కలిపిన ఫోను నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే, ఖాతాలో ఎంత ఉందో మెసేజి వస్తుంది. జీతంలో కోసి ఖాతాలో కట్టకపోవడం నేరం. అలా జరిగితే జీతం చీటీలు జతచేసి పి.ఎఫ్. ఆఫీసులో అర్జీ ఇవ్వండి. హైదరాబాదు బర్కత్‌పురాలో, వరంగల్, నిజామాబాదు, గుంటూరు, కడప, విశాఖపట్నంలో ఈ ఆఫీసులు ఉన్నాయి. ఒక్కరే పోవడానికి జంకితే నలుగురు కలిసి వెళ్లండి.

అక్కలారా, అన్నలారా! చీటీ చదవడం వచ్చినవారు రానివారికి చదివి చెప్పండి. వచ్చే జీతం రోజున చీటీ అడిగి తీసుకోండి. పి.ఎఫ్. అని రాసినచోట వేలు పెట్టి లెక్క చూసుకోండి. ఇవాళ చూసుకున్న లెక్కే రేపు ముసలితనంలో అన్నం పెడుతుంది.

సెలవు.

చెప్పండి, చేయండి

1. పింఛనుకు కనీసం ఎన్నేళ్ల సర్వీసు ఉండాలి?
2. మొదటి అక్కకు పింఛను ఎందుకు రాలేదు?
3. సగటు జీతం 7,000 రూపాయలు, సర్వీసు 15 ఏళ్లు. నెలకు పింఛను ఎంత?
4. మీ యు.ఎ.ఎన్. నంబరు మీ నోటు పుస్తకంలో రాయండి.